సింగపూర్ ఓటర్ల జాబితాలోకి నా పేరు తిరిగొచ్చింది

నిన్న, 2023 సెప్టెంబర్ 1న, సింగపూర్ అధ్యక్ష ఎన్నికలో ఓటు వేశాను. ఇక్కడి పౌరసత్వం తీసుకుని తొమ్మిదేళ్లయినా అధ్యక్షుడికి ఓటు వేయడం ఇదే మొదటిసారి. 2017లో హలీమా యాకోబ్ పోటీ లేకుండా ఎన్నికవడంతో పోలింగే జరగలేదు. ఈసారి నా ఓటు తృటిలో పోయేది.

జూన్‌లో జాబితాలో పేర్లు చూసుకోమన్నారు. ప్రభుత్వ సేవలకు వాడే డిజిటల్ గుర్తింపు సింగ్‌పాస్‌తో ఫోన్‌లోనే చూసుకోవచ్చు. నేను మాత్రం అమ్మాయిని వెంటబెట్టుకుని ఒక కౌంటర్‌కి వెళ్లాను. అక్కడున్నావిడ నా పింక్ ఐసీ (పౌరులకిచ్చే గుర్తింపు కార్డు) తీసుకుని చూసి, పేరు లేదంది. మళ్లీ చూడమన్నాను. "పోయిన ఎన్నికల్లో మీరు ఓటు వేయలేదు, అందుకే తీసేశారు" అని వరుసలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా చెప్పింది. ఇక్కడ ఓటు తప్పనిసరి, వేయకపోతే పేరు తీసేస్తారు. ఆ నియమాన్ని నేను తప్పుపట్టను. కానీ "ఎందుకు వేయలేదు?" అని ఆవిడ అడిగిన తీరు దొంగను నిలదీసినట్టుంది.

2020 జూలై 10న పార్లమెంటు ఎన్నికల పోలింగ్. ఆ రోజు తెనాలిలో మా నాన్న పెద్దకర్మ. మార్చిలో ఆయన్ని చూడటానికి వెళ్లాను, విమానాలు ఆగిపోయాయి, ఆయన మంచం పట్టారు. ఇదంతా ఆ గాజు అద్దం ముందు నిలబడి ఎలా చెప్పను? విదేశంలో ఉన్నానని మాత్రం అన్నాను. వెనకాయన "మీరు పీఆరా?" అని అడిగాడు, అంటే పౌరసత్వం లేని శాశ్వత నివాసినా అని. తల కొట్టేసినట్టయింది. బయటికొచ్చాక అమ్మాయి, "నాన్నా, అయితే నీకు ఎక్కడా ఓటు లేదా?" అంది. ఇండియా పాస్‌పోర్టు వదులుకున్నప్పుడే తెనాలి ఓటు పోయింది. ఇక్కడిదీ లేదంటే నేను ఏ దేశపువాణ్ణి? ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాను. సరైన కారణం లేకపోతే 50 డాలర్లు కట్టాలి. విదేశంలో ఉండటం సరైన కారణమే కాబట్టి నాకు పైసా ఖర్చు కాలేదు. పేరు తిరిగి చేర్చారు.

మీరు కౌంటర్ల జోలికి పోకండి. ఫోన్‌లో ఇవాళే చూసుకోండి. ఎన్నిక ఉత్తర్వు వెలువడ్డాక ఇక చేర్చరు, ఈసారి అది ఆగస్టు 11నే వచ్చేసింది. పోలింగ్‌కిచ్చిన శుక్రవారం సెలవు కలిసొచ్చిందని ఇండోనేషియా దీవి బాతమ్‌కి వెళ్లిన మన తెలుగువాళ్లు నాకు తెలుసు. నన్నూ పిలిచారు. దేశం దాచుకున్న నిధులకు రెండో తాళంచెవి ఉండేది అధ్యక్షుడి దగ్గరే, ఆయన ఒప్పుకోకుండా ప్రభుత్వం వాటిని ముట్టుకోవడానికి లేదు. 2011 అధ్యక్ష ఎన్నికలో టోనీ టాన్ గెలిచింది 0.35 శాతం తేడాతోనే. పౌరసత్వం కావాలని ఏళ్ల తరబడి ఎదురుచూసి, ఓటు రోజున ఊరు దాటడం నాకు మింగుడుపడదు.

నిన్న పోలింగ్‌కి పది నిమిషాలు పట్టింది. ఇంటూ గుర్తు పడే స్టాంపు పెన్ను పెట్టారు. థర్మన్ షణ్ముగరత్నం 70.4 శాతం ఓట్లతో గెలిచారు. నేను ఎవరికి వేశానన్నది మా ఆవిడకి కూడా చెప్పలేదు.

బ్యాలెట్ ఇచ్చేముందు అధికారి నా పేరు పైకి చదివాడు. ఇంటిపేరుతో సహా, కూడబలుక్కుంటూ, అందరికీ వినపడేలా. గేటు బయట నిలబడ్డ అమ్మాయి నేను రాగానే "ఉందా నాన్నా?" అంది. ఉందమ్మా అన్నాను.