క్యూఆర్ కోడ్ దోష సవరణ: పని ఎంతవరకు వచ్చింది

చేయాల్సింది ఇది. మరక పడిన క్యూఆర్ కోడ్ నుంచి చదివిన 26 బైట్లలో ఏవి తప్పో, ఒక్కోటి ఎంత తప్పో లైబ్రరీ ఏదీ వాడకుండా కనిపెట్టాలి. తీసుకున్నది వెర్షన్ 1 (అన్నిటికంటే చిన్న సైజు), ఎమ్ స్థాయి (నాలుగు దోష సవరణ స్థాయిల్లో రెండోది): 16 డేటా బైట్లు, 10 దోష సవరణ బైట్లు. లెక్కంతా 256 మూలకాల పరిమిత క్షేత్రంలో, అంటే ఏం చేసినా ఫలితం 0 నుంచి 255 లోపే ఉండే అంకగణితంలో.

పట్టికలు: పూర్తయ్యాయి

ఈ క్షేత్రంలో కూడిక, తీసివేత రెండూ ఎక్సారే (రెండు బిట్లు వేరైతే 1, ఒకటే అయితే 0). గుణకారానికి 1 దగ్గర మొదలుపెట్టి ప్రతిసారీ రెట్టింపు చేయాలి, 255 దాటితే 285తో ఎక్సార్ చేయాలి. 1, 2, 4, ... 128, తర్వాత 29, 58, 116, 232, 205 అని వస్తే దారి సరైనదే. 255 అడుగులకు మళ్లీ 1 రావాలి.

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఏఈఎస్ (డేటాను రహస్యంగా మార్చే గుప్తీకరణ పద్ధతి) కోడు నుంచి 283ను తెచ్చి పెడతారు. అందులో 2 ఘాతాలు 51 అడుగులకే 1కి తిరిగొస్తాయి, పట్టికలో 204 గళ్లు ఖాళీగా మిగులుతాయి. 283తో పట్టిక కట్టాలంటే 2కు బదులు 3 తీసుకోవాలి. రెండిట్లో ఏ క్షేత్రంలో ఉన్నామో తేల్చడానికి ఒక్క గుణకారం చాలు: 87 × 131 విలువ 283తో 193, 285తో 49.

ఘాత పట్టికను 512 గళ్లతో, రెండుసార్లు వరసగా రాసుకోవడం మేలు. గుణించడమంటే రెండు సంఖ్యల లాగ్‌లు (2కు ఎన్నో ఘాతమో చెప్పే అంకెలు) కూడి ఈ పట్టికలో చూడడమే; ఆ మొత్తం 508 దాటదు కాబట్టి 255తో భాగించి శేషం తీసే పని తప్పుతుంది. సున్నాకు లాగ్ లేదు, గుణకారంలో దాన్ని ముందే విడిగా చూసుకోవాలి. ఆ ఒక్క షరతు మరిచిపోతే లెక్కలో ఎక్కడైనా సున్నా తగిలిన సందేశాలే చెడతాయి, మిగతావన్నీ బాగానే పనిచేస్తాయి. అందుకే పట్టుకోవడం కష్టం.

ఎన్‌కోడర్: పూర్తయింది

ఆల్ఫా అంటే 2. జనక బహుపదికి (డేటాను దీనితో భాగిస్తే వచ్చే శేషమే దోష సవరణ బైట్లు) మూలాలు ఆల్ఫా 0వ ఘాతం నుంచి 9వ ఘాతం వరకు. గుణకాల ఘాతాలు 0, 251, 67, 46, 61, 118, 70, 64, 94, 32, 45 అని రావాలి. చివరిది 0 నుంచి 9 వరకు అంకెల మొత్తమే, చూడగానే సరిపోల్చుకోవచ్చు.

పరీక్షకు ఇంగ్లీషు పెద్దక్షరాల్లో 'హలో వరల్డ్' వాడాం. డేటా: 32, 91, 11, 120, 209, 114, 220, 77, 67, 64, 236, 17, 236, 17, 236, 17. భాగహారం శేషం: 196, 35, 39, 119, 235, 215, 231, 226, 93, 23. మొదటి మూలం 1 కాబట్టి 26 బైట్లనూ ఎక్సార్ చేస్తే సున్నా రావాలి. కాగితం మీద రెండు నిమిషాల పని, చేసి తీరాల్సిన పని.

డీకోడర్: పనిచేస్తోంది, తేలిగ్గా కుదరలేదు

ముందు ఒక్క తప్పుతోనే చూడాలి. నాలుగో బైటు 120ని 125 చేస్తే సిండ్రోమ్‌లలో (చదివిన బైట్ల బహుపదిలో ఒక్కో మూలం పెడితే వచ్చే విలువలు, తప్పు లేకపోతే అన్నీ సున్నా) మొదటిది 5, రెండోది 101. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 234, అంటే ఆల్ఫా 22వ ఘాతం. తప్పు స్థానం చివరి నుంచి సున్నాతో లెక్కపెడితే 22, అర్రేలో 25 − 22 = 3. ఈ 25 నుంచి తీసివేయడం మరిస్తే తప్పు సరిగ్గా దొరికినా దిద్దుబాటు ఇంకో బైటు మీద పడుతుంది.

తర్వాత బెర్లెకాంప్–మాసీ (సిండ్రోమ్‌ల నుంచి తప్పుల స్థానాల బహుపదిని కడుతుంది), చియెన్ వెతుకులాట (దాని మూలాలు వెతికి స్థానాలు చెబుతుంది), ఫోర్నీ సూత్రం (ఒక్కో తప్పు విలువ చెబుతుంది). పుస్తకాల్లో ఫోర్నీ సూత్రం చాలాసార్లు మూలాలు ఆల్ఫా 1వ ఘాతం దగ్గర మొదలవుతాయనుకుని రాసి ఉంటుంది. క్యూఆర్‌లో 0 దగ్గర మొదలు కాబట్టి ఫలితాన్ని ఆ తప్పు స్థానపు ఆల్ఫా ఘాతంతో ఇంకోసారి గుణించాలి. స్థానాలన్నీ సరిగ్గా వచ్చి విలువలు మాత్రం తప్పితే మొదట అనుమానించాల్సింది దీన్నే. చివరి బైటులోని తప్పు మాత్రం ఈ గుణకారం లేకపోయినా సరిగ్గా దిద్దబడుతుంది, ఎందుకంటే అక్కడ గుణించేది 1తోనే. ఒక్క స్థానంతో పరీక్షించి వదిలేయకూడదు. ఈ సూత్రానికి కావలసిన, స్థానాల బహుపది అవకలనంలో సరి ఘాతాల పదాలన్నీ మాయమవుతాయి, బేసివే మిగులుతాయి.

10 బైట్లతో గణితపరంగా 5 తప్పులు దిద్దవచ్చు. ప్రమాణం మాత్రం 4 దగ్గరే ఆపమంటుంది. మిగిలిన శక్తి, తప్పుడు సందేశాన్ని ఒప్పుగా చూపించకుండా కాపాడడానికి. ఇది సరైన నిర్ణయం: చదవలేకపోయానని చెప్పే యంత్రాన్ని నమ్మవచ్చు. కాబట్టి 4 దాటినా, దొరికిన మూలాల సంఖ్య బహుపది పరిమాణంతో సరిపోకపోయినా, స్థానం 25 దాటినా తిరస్కరించాలి. దిద్దాక సిండ్రోమ్‌లు మళ్లీ లెక్కకట్టి అన్నీ సున్నా అయితేనే ఒప్పుకోవాలి.

ఇదే పట్టికలు ఏఈఎస్‌కు?

వద్దు. రహస్య విలువతో పట్టిక వెతికితే కాష్‌లో (ప్రాసెసర్ పక్కనుండే వేగమైన మెమరీ) పట్టే సమయం ఆ రహస్యాన్ని బయటపెడుతుంది. ఏఈఎస్ మీద దీన్ని 2005లో డేనియల్ బెర్న్‌స్టీన్ చేసి చూపించారు. క్యూఆర్‌లో దాచేదేమీ లేదు కాబట్టి పట్టికలు సరే. ఏఈఎస్ విలోమానికి (గుణిస్తే 1 ఇచ్చే సంఖ్య) 254వ ఘాతం కట్టాం: 7 వర్గాలు, 6 గుణకారాలు. గుణకారంలో ‘ఇఫ్’ లేకుండా మాస్క్‌తో (అక్కర్లేని విలువను సున్నా చేసే బిట్ల వరస) ఎప్పుడూ 8 అడుగులే. 83కి విలోమం 202 వచ్చింది, సున్నాకు సున్నా వచ్చింది. ఎస్-బాక్స్‌కు (ఏఈఎస్‌లో ఒక బైటు బదులు ఇంకో బైటు పెట్టే అంచె) కావలసిందీ అదే.

మిగిలింది

వెర్షన్ 5, క్యూ స్థాయి. 134 బైట్లు నాలుగు ముక్కలుగా అల్లుకుని ఉంటాయి: 15 డేటా బైట్లవి రెండు, 16వి రెండు, ఒక్కోదానికి 18 దోష సవరణ బైట్లు. విడదీసేటప్పుడు పదహారో వరసలో చివరి రెండు ముక్కలకే బైట్లు ఉంటాయి. ఆ వరస ఇంకా రాయాలి.