వెస్నాకు రక్తం ఇవ్వకండి

కొన్ని నెలలుగా బాల్డర్స్ గేట్ 2 అనే కంప్యూటర్ ఆట కోసం ఒక రొమాన్స్ మాడ్ రాస్తున్నాను, అంటే ఆటగాడు ప్రేమించగల ఒక కొత్త పాత్రను ఆటలో చేరుస్తున్నాను. పాత్ర పేరు వెస్నా. తల్లి మనిషి, తండ్రి రక్తం తాగి బతికే వాంపైర్. ఈ వారం తొమ్మిదో లవ్‌టాక్ (ఆటగాడితో ఆమె ప్రేమ సంభాషణ) పూర్తయింది, అది రాస్తుంటేనే ఈమె ఎవరో నాకు సరిగ్గా తెలిసింది, ఆ వేడి తగ్గకముందే రాసి పెట్టుకోవాలనిపించింది.

మొదట్లో నా దగ్గర ఉన్నదల్లా ఒక బొమ్మ. పాలిపోయిన ముఖం, ఎర్రటి కళ్ళు, నల్లటి అంగీ. ఆ బొమ్మను ఎదురుగా పెట్టుకుని నాలుగు సంభాషణలు రాశాను, నాలుగింటిలోనూ ఆమె ఒకటే మాట తిప్పి తిప్పి చెప్పింది: నా దగ్గరికి రావద్దు, నేను ప్రమాదం. వారం తర్వాత చదివితే విసుగొచ్చింది. ప్రమాదం అని చెప్పుకోవడం తప్ప ఆమెకు జీవితమే లేదు, ఏం తింటుందో, దేనికి నవ్వుతుందో, ఎవరి మీద కోపమో నాకే తెలియదు. అన్నీ తీసేశాను.

తర్వాత పాత నమ్మకాల వైపు వెళ్ళాను. బాల్కన్ జానపద కథల్లో సగం వాంపైర్‌ని ధాంపీర్ అంటారు. చనిపోయిన మగవాడు వాంపైర్ అయి రాత్రిళ్ళు భార్య దగ్గరికి తిరిగొస్తాడు, వాళ్ళకు పుట్టిన బిడ్డే ధాంపీర్. మామూలు కళ్ళకు కనిపించని వాంపైర్లు ఆ బిడ్డకు కనిపిస్తారు కాబట్టి జనం అలాంటివాళ్ళను పిలిపించి వాంపైర్లను చంపించేవారని చెప్పుకుంటారు. ఈ కథ తీసుకున్న వాళ్ళు ఎక్కువగా వేటగాడి దగ్గర ఆగుతారు. నేను మాత్రం ఆ తల్లి దగ్గర ఆగిపోయాను. మొగుణ్ణి పాతిపెట్టి వచ్చిన మనిషి, రాత్రి తలుపు చప్పుడైతే ఎవరో తెలిసి కూడా లేచి వెళ్ళి తీసింది. మర్నాడూ తీసింది.

వెస్నా ఆ ఇంట్లో పెరిగింది. తల్లి రోజురోజుకూ తెల్లబడిపోతూ, తినలేక, నిలబడలేక, అయినా సాయంత్రమయ్యేసరికి తల దువ్వుకుని కూర్చోవడం చూసింది. నాన్న బలవంతం చేయలేదు, అమ్మే ఇచ్చింది, ప్రేమతో ఇచ్చింది, అలా ఇస్తూ ఇస్తూ పోయింది. అలాంటి పిల్ల పెద్దయ్యాక తన ఆకలికి భయపడదు. ఆకలి ఆమెకు రోజూ తెలిసిన సంగతి, దాన్ని ఎలా అదుపులో పెట్టుకోవాలో చిన్నప్పుడే నేర్చుకుంది. ఎవరైనా ప్రేమగా చెయ్యి చాచి "తాగు" అంటేనే ఆమెకు వణుకు పుడుతుంది.

ఇది తెలిశాక మాడ్ మొత్తం తలకిందులైంది. వాంపైర్ రొమాన్స్ అనగానే ఆటగాడు తన రక్తం ఇవ్వడమే పెద్ద త్యాగం, అదే ప్రేమకు రుజువు అనుకుంటాడు, నేను కూడా అలాగే అనుకుని ఆ సీన్‌ను చివరికి దాచుకున్నాను. ఇప్పుడు ఆ ఆప్షన్ మూడో సంభాషణ నుంచే కనిపిస్తుంది, అందంగా, మనసుకు నచ్చేలా రాశాను, కానీ అది తప్పు సమాధానం. ఒకసారి ఎంచుకుంటే ఆమె లేచి వెళ్ళిపోతుంది. రెండోసారి తల్లి గురించి చెబుతుంది, పూర్తిగా, ఏమీ దాచకుండా. అంతా విన్నాక కూడా మూడోసారి ఇస్తానంటే రొమాన్స్ అక్కడితో ముగుస్తుంది. టెస్ట్ చేసిన స్నేహితురాలికి ఇది అన్యాయం అనిపించింది. నాకలా అనిపించడం లేదు, ఎందుకంటే రెండోసారి ఆమె ఏం అడుగుతుందో స్పష్టంగానే చెబుతుంది: "నా కోసం చచ్చిపోవద్దు, నాతో ఉండండి."

టెక్నికల్‌గా ఇదంతా ఒక వేరియబుల్ పనే. ఈ ఆటలో రొమాన్స్ స్థితిని పాత రోజుల నుంచి ఒకే పద్ధతిలో రాస్తారు, రొమాన్స్‌యాక్టివ్ విలువ 1 అయితే నడుస్తున్నట్టు, 2 అయితే ఇద్దరూ ఒకటైనట్టు, 3 అయితే అయిపోయినట్టు. దాని పక్కనే రక్తం ఎన్నిసార్లు ఇవ్వజూపారో లెక్కపెట్టే ఇంకో వేరియబుల్ పెట్టాను. మాటల మధ్య వ్యవధికి రియల్ టైమ్ టైమర్, 3600 అని ఇస్తే గంట. డైలాగుల నిర్మాణం వైడ్యూ (మాడ్‌ను ఆటలోకి ఎక్కించే సాధనం) కోసం డి ఫైల్‌లో, అసలు వాక్యాలు టీఆర్ఏ ఫైల్‌లో. ఫైల్ పేరు ఎనిమిది అక్షరాలు దాటకూడదు, అందులో ముందు రెండు మాడర్ గుర్తుకే పోతాయి, అది గుర్తులేక ఒక సాయంత్రం మొత్తం పోగొట్టుకున్నాను.

ఇంతకన్నా ఎక్కువ ఆలోచించింది ఆమె శరీరం గురించి. పాత్ర వివరాలుండే క్రియేచర్ ఫైల్‌లో జనరల్ అనే గడి ఉంటుంది, అక్కడ అన్‌డెడ్ (చచ్చి కూడా తిరిగేవి) అని పెట్టాలా హ్యూమనాయిడ్ అని పెట్టాలా? సగం అనే విలువ అక్కడ లేదు. అన్‌డెడ్ అని పెడితే శవాలకు వర్తించే నియమాలన్నీ ఆమెకూ వర్తిస్తాయి. ఆమె ఊపిరి తీసుకుంటుంది, నిద్రపోతుంది, ఏడుస్తుంది, కాబట్టి హ్యూమనాయిడ్ అనే పెట్టాను. తండ్రి నుంచి వచ్చినవి విడిగా ఇచ్చాను: లెవెల్ డ్రెయిన్ (దెబ్బ తగిలితే పాత్ర స్థాయి పడిపోవడం) తగలదు, మాయమైనవాళ్ళు కనిపిస్తారు. ఎండలో బలహీనపడేలా కూడా ఒక స్క్రిప్ట్ రాశాను, కానీ అందరూ పగలంతా విశ్రాంతి తీసుకుని రాత్రే బయల్దేరుతున్నారు, ఆట పాడవుతోంది, తీసేశాను. ఇప్పుడు ఎండ ఆమె మాటల్లో మాత్రమే ఉంది, మధ్యాహ్నం పూట ఆమె పొడిపొడిగా జవాబిస్తుంది.

నేను డైలాగులు ముందు తెలుగులో రాసుకుని తర్వాత ఇంగ్లిష్‌లోకి మారుస్తాను. వెస్నా మొదటి ఎనిమిది సంభాషణల్లో ఆటగాణ్ణి మీరు అంటుంది. తొమ్మిదోదానిలో, నిప్పు పక్కన, ఏదో చిన్న విషయానికి విసుక్కుంటూ నోరుజారి "నువ్వెప్పుడూ ఇంతే" అంటుంది. రాసిన వెంటనే ఆగిపోయాను. ముద్దు కన్నా పెద్ద సంగతి జరిగిపోయింది అక్కడ. ఇంగ్లిష్‌లో ఉన్నది ఒకే యూ, దాంతో ఇది చెప్పలేం. చివరికి అప్పటిదాకా ఆటగాడి పేరే పలకకుండా ఉంచి, ఆ విసుగు వాక్యంలో మొదటిసారి పేరు పలికించాను. చాలావరకు అందింది, పూర్తిగా కాదు.

ఈ ఆటలోనే సగం వాంపైర్ ఎందుకంటే, ఇక్కడ ఆటగాడు కూడా సగమే. హత్యల దేవుడు భాల్ బిడ్డ, చనిపోయిన తండ్రి రక్తం లోపలి నుంచి చంపమంటూ ఉంటుంది, కథ మధ్యలో స్లేయర్ అనే మృగంగా మారిపోతాడు కూడా. ఆ రాత్రి మిగతావాళ్ళు భయపడినా వెస్నా భయపడదు. పక్కన కూర్చుని, మా నాన్న గొంతు నాకు ఇలాగే వినిపిస్తుంది అని చెబుతుంది. ఇద్దరికీ ఇంతకన్నా దగ్గరి చుట్టరికం నేను కల్పించలేను, ఆట ముందే ఇచ్చేసింది.

అసలు కష్టం ఆరో అధ్యాయంలో వచ్చింది. అక్కడ బోధీ అనే వాంపైర్ మనం ప్రేమించినవాళ్ళను ఎత్తుకెళ్ళి వాంపైర్‌గా మార్చేస్తుంది, వాళ్ళతోనే పోరాడాలి, తర్వాత శరీరాన్నీ బోధీ గుండెనూ అమౌనేటర్ ఆలయానికి తీసుకెళ్ళి విగ్రహం చేతుల్లో పెడితే మళ్ళీ మనుషులవుతారు. అమౌనేటర్ సూర్యదేవుడు. మరి పుట్టుకతోనే సగం వాంపైర్ అయినవాళ్ళను ఆ విగ్రహం ఏం చేస్తుంది? పూర్తి మనిషిని చేసేస్తే ఆటగాడికి బహుమతిలా ఉంటుంది, చాలామంది అదే కోరుకుంటారు కూడా. రెండు వారాలు దానితోనే కుస్తీ పట్టాను. చేయకూడదనుకున్నాను. బోధీ పెట్టింది పోతుంది, తండ్రి ఇచ్చింది ఉంటుంది. ఆమెకు జబ్బు లేదు నయం చేయడానికి. కళ్ళు తెరిచి ముందు తన పళ్ళు తడిమి చూసుకుంటుంది, ఉన్నాయని తెలిసి ఊపిరి పీల్చుకుంటుంది.

ఆటకు కొనసాగింపుగా వచ్చిన త్రోన్ ఆఫ్ భాల్ భాగం ఇంకా సగంలో ఉంది. దాని చివర ఆటగాడు దేవుడైపోవచ్చు, లేదా మనిషిగా ఉండిపోవచ్చు. ఉండిపోతే ఏం రాయాలో తెలుసు, ఆ ముగింపు రెండు గంటల్లో వచ్చేసింది. దేవుడైన దారే రాయాలి. ఏళ్ళ తర్వాత ఒక రాత్రి, వెళ్ళిపోయిన మనిషి మనిషి కాని రూపంలో ఆమె ఇంటికి వస్తాడు, తలుపు తడతాడు. లోపల వెస్నా మేలుకునే ఉంటుంది, ఎవరో ఆమెకు తెలుసు. ఆమె మంచం మీద లేచి కూర్చోవడం వరకు రాశాను.