నెట్ తీసేస్తే ఏం నడుస్తుంది?

కొత్త ప్రోగ్రామ్ గానీ, గేమ్ గానీ, గ్యాడ్జెట్ గానీ చేతికి వచ్చినప్పుడు నేను ముందుగా చేసే పని ఇంటర్నెట్ ఆపేసి దాన్ని నడిపి చూడటం. అప్పుడు ఎంత పనిచేస్తే అంతే నా సొంతమని, మిగతాదంతా ఎవరో దయతలచి వాడుకోనిస్తున్నదని నా లెక్క. ఇది కొంచెం మొండి లెక్కేనని నాకూ తెలుసు. మెయిల్, వీడియో కాల్ వంటివి నెట్ లేకుండా ఎలా నడుస్తాయని అడిగితే నా దగ్గర జవాబు లేదు, అవసరమూ లేదు, ఎందుకంటే వాటి పనే అవతలి మనిషితో మాట్లాడించడం. నా గొడవంతా ఆ అవసరం లేనివాటి గురించి: ఒక్కడినే ఆడుకునే కార్ల గేమ్, నా డిస్కులోని ఫొటోలను సరిచేసే ప్రోగ్రామ్, గదిలో దీపం వెలిగించే స్విచ్. డాస్ (విండోస్‌కు ముందటి, కమాండ్లు టైప్ చేసి నడిపే ఆపరేటింగ్ సిస్టమ్) కాలం నుంచి కంప్యూటర్లతో కాలక్షేపం చేస్తూ, వాటిలో ఏవి బతికి బట్టకట్టాయో ఏవి పోయాయో చూసిన మీదట ఈ అలవాటు పడింది.

డాస్‌ను బంగారు కాలమని పొగిడే ఉద్దేశం నాకు లేదు. ఒక గేమ్ మొదలుపెట్టాలంటే ముందు మెమొరీతో కుస్తీ పట్టాలి. అప్పటి 8086 ప్రాసెసర్‌కు మెమొరీ చిరునామాలు చెప్పే అడ్రస్ లైన్లు 20 మాత్రమే ఉండటం వల్ల అది చూడగలిగింది 1 మెగాబైట్ మాత్రమే. అందులో పై 384 కిలోబైట్లను వీడియోకూ, యంత్రాన్ని మేల్కొలిపే బయోస్‌కూ కేటాయించి, కింది 640 కిలోబైట్లను ప్రోగ్రాములకు వదిలారు. తరవాతి కంప్యూటర్లలో 4, 8 మెగాబైట్ల ర్యామ్ ఉన్నా చాలా డాస్ ప్రోగ్రాములు అడిగేది ఆ 640లో ఖాళీనే. మౌస్‌నూ సీడీనీ నడిపే డ్రైవర్ ప్రోగ్రాములు తలా కొంత తినేశాక గేమ్ మెమొరీ చాలదంటూ మొరాయించేది. అప్పుడు కాన్ఫిగ్.సిస్ అనే సెట్టింగుల ఫైలు తెరిచి, హైమెమ్.సిస్, ఈఎంఎం386 అనే మెమొరీ సర్దే ప్రోగ్రాములు ఎక్కించి, ఒక్కో డ్రైవర్‌నూ పై 384లో మిగిలిన సందుల్లోకి నెట్టుకుంటూ పోవాలి. ఏది ముందు ఎక్కించాలన్నదీ ముఖ్యమే: పెద్ద డ్రైవర్‌ను చివరికి వదిలేస్తే అప్పటికే ఆ సందులు చిన్న డ్రైవర్లతో నిండిపోయి, దానికి చోటు లేక మళ్లీ 640లోకే వచ్చి కూర్చునేది. సౌండ్ కార్డుది ఇంకో తంతు, అది ఏ సెట్టింగుల మీద ఉందో గేముకు మనమే చెప్పాలి. పోర్ట్ 220, ఐఆర్‌క్యూ 5, డీఎంఏ 1 అన్న మూడు అంకెలు నాకు ఈనాటికీ కంఠతా వచ్చు. గేమ్ కోసం పడ్డ పాట్లు కాబట్టి సరదాగా చెప్పుకుంటున్నాను గానీ, ఆఫీసు పని కోసం అదే చేయాల్సి వచ్చినవాళ్లకు అందులో సరదా ఏమీ ఉండి ఉండదు. అయితే యంత్రం ఎందుకు మొరాయిస్తోందో తెలిసేది, ఆ కారణం మన చేతికి అందే చోటే ఉండేది. మెమ్ అనే కమాండ్ కొడితే ఎవరు ఎంత తిన్నారో కిలోబైట్లతో సహా తెర మీదికి వచ్చేది.

ఆ ఇరుకులో పుట్టిన పనితనానికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ప్రిన్స్ ఆఫ్ పర్షియా. జోర్డాన్ మెక్నర్ యాపిల్ 2 కంప్యూటర్ కోసం రాసిన ఆ గేమ్ 1989లో వచ్చింది. రాకుమారుడి పరుగు, గెంతు, అంచు పట్టుకుని వేలాడటం అన్నీ మెక్నర్ తన తమ్ముణ్ని వీడియో తీసి, ఫ్రేము తరవాత ఫ్రేముగా గీసుకున్నవి. ఆ బొమ్మలకే మెమొరీ సరిపోయి, ఎదురు నిలబడటానికి మరో పాత్రను గీయాలంటే చోటు మిగల్లేదు. అప్పుడు రాకుమారుడి బొమ్మనే ఒక్క పిక్సెల్ పక్కకు జరిపి, అసలు బొమ్మతో ఎక్స్‌ఓఆర్ (రెండు బొమ్మల్లో తేడా ఉన్న చుక్కలనే మిగిల్చే లెక్క) చేయగా మిణుకుమిణుకుమనే నీడ మనిషి తయారయ్యాడు. అద్దంలోంచి దూకిన క్షణంలో ఆ నీడ మననుంచి విడిపోయి అవతలికి పారిపోతుంది. చివర్లో మళ్లీ ఎదురైనప్పుడు దాన్ని కత్తితో పొడిస్తే తగ్గేది మన ప్రాణమే; కత్తి ఒరలో పెట్టి ముందుకు నడిస్తే ఇద్దరూ ఒకటవుతారు. ఎన్ని గిగాబైట్లు ఇచ్చినా ఇంతకంటే మంచి ప్రతినాయకుణ్ని ఎవరూ గీయలేరని నా అభిప్రాయం. 2012లో మెక్నర్ తండ్రికి దొరికిన పాత ఫ్లాపీల నుంచి ఆ యాపిల్ 2 సోర్స్ కోడ్‌ను, అంటే ప్రోగ్రామర్ రాసిన అసలు పాఠాన్ని, పైకి తీసి అందరికీ అందుబాటులో పెట్టారు కాబట్టి, యాపిల్ 2లోని 6502 ప్రాసెసర్ భాష అయిన అసెంబ్లీ వచ్చినవాళ్లు ఇప్పుడు దాన్ని తీరిగ్గా చదువుకోవచ్చు.

యంత్రం మెరుగుపడటం వల్లే ప్రోగ్రామ్ చచ్చిపోయిన విచిత్రం కూడా ఉంది. టర్బో పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ సాధనంలో తెర పనులు చూసే సీఆర్‌టీ యూనిట్‌ను వాడుకున్న ప్రోగ్రాములు మొదలవగానే కంప్యూటర్ వేగమెంతో కొలుచుకునేవి: గడియారం ఒక్క టిక్ కొట్టేలోపు, అంటే దాదాపు 55 మిల్లీసెకన్లలో, ఖాళీ లూప్ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి ఆ సంఖ్యను 55తో భాగించేవి. సుమారు 200 మెగాహెర్ట్జ్ దాటిన ప్రాసెసర్లు వచ్చేసరికి ఆ భాగఫలం 16 బిట్లలో పట్టనంత పెద్దదైపోయింది. భాగఫలం పట్టకపోయినా, సున్నాతో భాగించినా ప్రాసెసర్ లేవనెత్తే అభ్యంతరం ఒక్కటే కాబట్టి, సున్నా అన్నది ఎక్కడా లేకపోయినా ‘రన్‌టైమ్ ఎర్రర్ 200’, అంటే సున్నాతో భాగహారం జరిగిందంటూ ప్రోగ్రామ్ ఆగిపోయేది. దీనికి మందు ఆ ప్రోగ్రాములు రాసినవాళ్ల దగ్గర్నుంచే రావాలని ఎవరూ ఎదురు చూడలేదు. ఆ లెక్క జరిగే చోట కొన్ని బైట్లు మార్చే చిన్న ప్యాచ్‌లను వాడుకునేవాళ్లే తయారు చేసి పంచుకున్నారు. జబ్బు ఎంత వింతదైనా రోగి మన ఎదుటే మంచం మీద ఉన్నాడు.

ఇక డూమ్. 1993 డిసెంబర్ 10న వచ్చిన ఈ గేమ్ ఇన్నేళ్లు నిలవడానికి రాక్షసులూ తుపాకులే కారణమని నేననుకోను. ఇడ్ సాఫ్ట్‌వేర్ వాళ్లు గేమ్‌ను నడిపే ఇంజిన్‌ను ఒకవైపు ఉంచి, మ్యాపులు, బొమ్మలు, శబ్దాలు అన్నిటినీ వాడ్ అనే వేరే ఫైల్లో పెట్టారు. దాంతో ఇంజిన్ జోలికి పోకుండానే ఆటగాళ్లు సొంత మ్యాపులు చేసుకున్నారు. తరవాత డేటా జోలికి పోకుండానే ఇంజిన్‌ను కొత్త యంత్రాలకు మార్చుకున్నారు. 1997 చివర్లో ఇడ్‌కు చెందిన జాన్ కార్మాక్ సోర్స్ కోడ్ విడుదల చేసినప్పుడు ఇచ్చింది అందరూ ఆడిన డాస్ వెర్షన్‌ది కాదు, లినక్స్ వెర్షన్‌ది. డాస్ వెర్షన్‌లోని సౌండ్ లైబ్రరీ బయటివాళ్ల దగ్గర లైసెన్స్‌కు తీసుకున్నది కావడంతో దాన్ని బయటపెట్టే హక్కు ఇడ్‌కు లేదు. 1999లో అదే కోడ్‌ను జీపీఎల్ (ఎవరైనా మార్చుకుని పంచుకోవచ్చనే లైసెన్స్) కిందికి మార్చాక ఇక దానికి అడ్డు లేకుండా పోయింది. (గర్భనిర్ధారణ పరీక్ష పరికరంలోనూ డూమ్ నడిచిందని 2020లో వార్త తెగ తిరిగింది గానీ, నిజానికి దాని లోపలి చిప్‌నూ తెరనూ రెండింటినీ మార్చేసి నడిపారు. పైడొక్క ఒక్కటే అసలుది.)

డూమ్‌లో నాకు మరీ ముచ్చటగొలిపేది దాని డెమో ఫైల్. అందులో వీడియో ఉండదు. గేమ్ సెకనుకు 35 టిక్కుల చొప్పున నడుస్తుంది. ఒక్కో టిక్కుకు 4 బైట్లు, అంటే ముందుకా వెనక్కా, పక్కకు ఎంత, ఎటు తిరిగారు, ఏ బటన్ నొక్కారు అన్నంత వరకే రాసి పెడతారు. నిమిషం ఆటకు 8,400 బైట్లు చాలు. తిరిగి చూసేటప్పుడు గేమ్ ఆ 4 బైట్లను ఒక్కొక్కటిగా అందుకుంటూ మొత్తం ఆటను మొదటి నుంచి మళ్లీ ఆడుతుంది. మరి రాక్షసుడి దెబ్బ తగలడం, తగలకపోవడం అదృష్టం మీద ఆధారపడినది కదా, ప్రతిసారీ అదే ఎలా జరుగుతుందంటే, డూమ్‌లో అదృష్టం 256 అంకెల స్థిరమైన పట్టిక. ఆ పట్టికను పైనుంచి కిందికి వరసగా చదువుకుంటూ పోవడమే తప్ప పాచికలు వేయడమంటూ లేదు. అందుకే 1994లో ఎవరో రికార్డు చేసిన ఆటను పాత డూమ్‌లాగే నడిచేలా తయారు చేసిన చాక్లెట్ డూమ్‌లో ఇప్పుడు పెట్టినా అతను అదే గది మూలన, అదే దెబ్బకు, అదే టిక్కులో పడిపోతాడు.

ఇప్పటి సంగతికి వస్తే, 2020 డిసెంబర్ 31తో అడోబీ కంపెనీ, బ్రౌజర్లో బొమ్మలూ గేములూ ఆడించే ఫ్లాష్ ప్లేయర్‌కు సపోర్ట్ నిలిపేసింది. దానిలోని భద్రతా లోపాలు చూస్తే ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేం. కానీ 2021 జనవరి 12 వచ్చేసరికి ప్లేయర్ తనంతట తానే ఫ్లాష్ కంటెంట్‌ను నడపడానికి నిరాకరించేలా ముందుగానే ఏర్పాటు చేశారు. ఒక తరం మొత్తం బ్రౌజర్లో ఆడుకున్న చిన్నా చితకా గేములు దాంతో మూగబోయాయి. అయినా వాటి ఫైళ్లు చాలామంది దగ్గర ఉన్నాయి కాబట్టి ఫ్లాష్‌ను అనుకరించే రఫుల్ అనే ఎమ్యులేటర్ రాసి, చాలా వాటిని మళ్లీ ఆడించగలిగారు. ఉబిసాఫ్ట్ కంపెనీ గేమ్ ది క్రూ విషయంలో ఆ అవకాశం ఇవ్వలేదు. 2014లో వచ్చిన ఆ కార్ల గేమ్‌ను ఒంటరిగా ఆడాలన్నా సర్వర్‌తో కనెక్షన్ తప్పనిసరి. 2024 మార్చి 31న ఉబిసాఫ్ట్ సర్వర్లు ఆపేశాక డిస్కు కొనుక్కున్నవాళ్ల దగ్గర డిస్కు మాత్రం మిగిలింది. కొన్న గేములను ఇలా ఆడలేకుండా చేయొద్దంటూ దాని తరవాత మొదలైన ఉద్యమంలో భాగంగా యూరప్‌లో పెట్టిన పిటిషన్‌కు 10 లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. సర్వర్లను కలకాలం నడపలేమని కంపెనీలు అంటాయి. నడపమని అడుగుతున్నదెవరు? 1996లో ఇడ్ వాళ్లదే మరో గేమ్ క్వేక్ వచ్చినప్పుడు సర్వర్ ప్రోగ్రామ్‌ను కూడా ఆటగాళ్ల చేతికే ఇచ్చారు, ఇడ్‌తో సంబంధం లేకుండా క్వేక్ సర్వర్లు ఈనాటికీ నడుస్తున్నాయి. పోయేటప్పుడు తాళంచెవి ఇచ్చి పొమ్మనడం మరీ గొంతెమ్మ కోరిక కాదు.

ఇదంతా చదివి నేను కొత్తవాటంటే గిట్టనివాణ్ని అనుకోకండి. హార్డ్ డిస్కు బదులు ఎస్‌ఎస్‌డీ పెట్టిన రోజున కలిగినంత తేడా ఏ కొత్త ప్రాసెసర్‌తోనూ నాకు కలగలేదు. 144 హెర్ట్జ్ తెరకు కళ్లు అలవాటు పడ్డాక, ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు తీసుకునే 60 హెర్ట్జ్ తెర మీద మౌస్ పాయింటర్‌ను కదిపినా నాకు చిరాకే.

గ్యాడ్జెట్లలో నా దగ్గర ఎక్కువ కాలం నిలిచింది పాటలు వినే ఒక పాత ప్లేయర్. లోపల తిరిగే 1.8 అంగుళాల డిస్కు మూలగడం మొదలుపెట్టినప్పుడు, దాని స్థానంలో అడాప్టర్ మీద మెమొరీ కార్డు బిగించాను. దాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్)గా రాక్‌బాక్స్ ఎక్కించాక అది కంప్యూటర్‌కు మామూలు యూఎస్‌బీ డ్రైవులాగే కనబడుతుంది. పాటలను ఫోల్డర్లుగా లాగి పడేస్తే చాలు, ఏ ఖాతా తెరవనక్కర్లేదు. బ్యాటరీ మార్చడానికి వెనక డొక్కను గోటితోనే వలిచినట్టు తీయాలి, ఆ క్లిప్పుల్లో ఒకటి రెండు విరగక మానవు, కానీ మార్చవచ్చు. దాని పక్క అరలోనే ఒక వై-ఫై కెమెరా ఉంది. లెన్సు శుభ్రంగా ఉంది, సెన్సర్ బాగుంది, కరెంటు ఇస్తే ఎర్ర దీపం వెలుగుతుంది. దాన్ని అమ్మిన కంపెనీ సర్వర్ మూసేసింది కాబట్టి యాప్‌లో లాగిన్ కాదు, లాగిన్ కాకపోతే బొమ్మ రాదు. అది నా గదిలోంచి నా ఫోనుకు బొమ్మ పంపడానికి ఎక్కడో ఉన్న సర్వర్‌ను ఎందుకు అడగాలో నాకు అప్పుడూ అర్థం కాలేదు.

ఆపరేటింగ్ సిస్టమ్‌లలోనూ ఇదే కథ నడుస్తోంది. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు సాధారణ సపోర్ట్ ముగిసింది. విండోస్ 11కేమో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ప్రాసెసర్ కూడా దాని జాబితాలో ఉండాలి. ఆ అర్హత లేని నా ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేశాను. విండోస్ గేములను లినక్స్‌లో నడిపించే ప్రోటాన్ 2018లో వచ్చాక లినక్స్‌లో గేములు ఆడటం సాహసకార్యం కాకుండా పోయింది. తమాషా ఏమిటంటే, విండోస్ 3.1 నాటి 16 బిట్ ప్రోగ్రాములను 64 బిట్ విండోస్ అసలు నడపదు, అవే 64 బిట్ లినక్స్‌లో, విండోస్ ప్రోగ్రాములను నడిపే వైన్ కింద చాలావరకు నడుస్తాయి. విండోస్ పాత ప్రోగ్రాములకు పుట్టింటికంటే పొరుగిల్లే నయమైంది.

ముందున్న పెద్ద పరీక్ష 2038 జనవరి 19. కాలాన్ని 1970 నుంచి సెకన్లుగా 32 బిట్లలో దాచుకునే ప్రోగ్రాములకు ఆ రోజు యూటీసీ ప్రకారం తెల్లవారుజామున 3 గంటల 14 నిమిషాల 7 సెకన్లకు అంకెలు నిండిపోయి, మరు సెకనులో 1901కి వెళ్లిపోతాయి. 32 బిట్ యంత్రాల కోసం లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్‌ను 2020లో వచ్చిన 5.6 వెర్షన్ నాటికి సిద్ధం చేశారు. సోర్స్ ఉన్న ప్రోగ్రాములను మళ్లీ కంపైల్ చేసుకుంటారు. సోర్స్ లేక ఫైలు ఒక్కటే మిగిలినవాటిని ఎమ్యులేటర్‌లో పెట్టి, లోపలి గడియారాన్ని వెనక్కి తిప్పుకోవచ్చు. తేదీ చూసి తికమకపడే ఒకటి రెండు పాత ప్రోగ్రాములను నేను ఇప్పటికే అలా 1995లో ఉంచి నడుపుతున్నాను, వాటికి ఇంకా ఏ అనుమానమూ రాలేదు.