సెనెగల్ ప్రయాణానికి ముందు వొలోఫ్ పాఠాలు

సెనెగల్ వెళ్లాలని నిశ్చయించుకున్న నాటి నుంచి ఆ దేశపు భాషల గురించి చదువుతున్నాను. 1960లో ఫ్రాన్స్ పాలన నుంచి స్వతంత్రమైన ఈ దేశానికి అధికార భాష ఫ్రెంచే అయినా, రాజధాని డకార్ వీధుల్లోనూ సంతల్లోనూ ఎక్కువగా వినిపించేది వొలోఫ్. 2001 నాటి రాజ్యాంగం వొలోఫ్‌తో పాటు పులార్, సెరేర్, జోలా, మలింకే, సోనింకే భాషలను జాతీయ భాషలుగా పేర్కొని, రాత పద్ధతి స్థిరపడిన ఇతర భాషలకూ ఆ హోదా దక్కే వీలు కల్పించింది. చిన్న భాషలకు తలుపు తెరిచి ఉంచిన ఈ నిబంధన నాకు ఎంతో నచ్చింది.

అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది వొలోఫ్ లెక్క. అందులో ఆరును ‘ఐదు ఒకటి’ అని, ఏడును ‘ఐదు రెండు’ అని చెబుతారు. పదికి మళ్లీ విడి పేరుంది. డబ్బు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అక్కడ చెలామణిలో ఉన్నది సీఎఫ్‌ఏ ఫ్రాంకు కాగా, వొలోఫ్‌లో ధర చెప్పేటప్పుడు ఐదు ఫ్రాంకులను ఒకటిగా లెక్కిస్తారు. కాబట్టి వర్తకుడు వొలోఫ్‌లో వంద అంటే ఇవ్వవలసింది 500 ఫ్రాంకులు. అదే ధరను అతడు ఫ్రెంచిలో చెబితే ఐదు వందలనే అంటాడు.

వ్యాకరణంలో కాలాన్ని సూచించే భారం చాలావరకు సర్వనామం మీదే పడుతుంది, క్రియ అంతగా మారదు. క్రియాంత ప్రత్యయాలకు అలవాటుపడిన మనకు ఇందుకు కొంత సాధన కావాలి.

గాంబియా దేశానికి దక్షిణాన ఉన్న సెనెగల్ ప్రాంతమైన కాసామాన్స్‌లో, ముఖ్యంగా జిగాంషోర్ నగర పరిసరాల్లో, జోలా మాట్లాడేవారు ఎక్కువ కనుక ఆ భాషలోని పలకరింపులనూ ఇప్పుడే మొదలుపెట్టాను.