మాస్ ఎఫెక్ట్ 2: విసుగు తెప్పించినా వదలబుద్ధి కాదు

పర్లాకిమిడి, గుణుపురం వైపు ఈ అంతరిక్ష వీడియో గేమ్ ఆడదామనుకునేవాళ్లు ముందు ఓ లెక్క చూసుకోండి. మూడు భాగాలూ కలిసిన 2021 లెజెండరీ ఎడిషన్‌కి 120 జీబీ జాగా కావాలి. రోజుకు 2 జీబీ డేటా ప్యాక్‌తో దించితే రెండు నెలలు! బరంపురంలో ఫైబర్ ఉన్న చుట్టాలింట్లో దించి, హార్డ్ డిస్క్‌లో తెచ్చుకోవడం నయం.

2010లో వచ్చిన ఈ రెండో భాగం, మొదటిదాంట్లోని సామాన్ల గందరగోళాన్ని పీకేసింది. కానీ గ్రహాల మీద ఖనిజాల స్కానింగ్ పెట్టారు, శుద్ధ విసుగు. అయినా తప్పదు, ఓడకి హంగులు అమర్చాలంటే ఆ ఖనిజాలే కావాలి. మన అంతరిక్ష ఓడకి కవచం, షీల్డు, థానిక్స్ ఫిరంగి: వీటిలో ఏది వదిలేసినా శత్రు స్థావరం మీద చివరి దాడిలో ఒక సహచరుడు పోతాడు.

చాలామంది పప్పులో కాలేసేది శత్రువుల చేతిలో ఓడ సిబ్బంది అపహరణ తర్వాతే. వెంటనే ఒమేగా-4 (శత్రు స్థావరానికి దారితీసే ద్వారం) దాటితే అందరూ దక్కుతారు. "ఒక్క మిషనే కదా" అని తిరిగొస్తే సగంమంది హరీ. సిబ్బందిలోని కెల్లీ కళ్లముందే కరిగిపోతుంది. అందుకే సహచరుల నమ్మకం గెలిచే విశ్వాస మిషన్లు, ఆ ద్వారం దాటించే పరికరమైన రీపర్ ఐఎఫ్ఎఫ్‌కి ముందే కానిచ్చేయండి, అది తెచ్చాకే అపహరణ జరుగుతుంది. చివరి దాడిలో గొట్టంలోకి నేను వెళ్తానంటాడు సహచరుడు జేకబ్, వినకండి. మరో సహచరి టాలీని పంపండి, రెండో దళాన్ని గారస్‌కివ్వండి. ఇద్దరి విశ్వాస మిషన్లూ అయ్యుండాలి సుమా.