ఘాట్ దిగాక బానెట్ కింద గంటన్నర

మూడు రోజుల ప్రయాణంలో లోయలున్నాయి, జలపాతం ఉంది, కిటికీలోంచి లోపలికొచ్చే పొగమంచు ఉంది. రాయడానికి కూర్చుంటే మాత్రం గుర్తొస్తున్నది రెండో రాత్రి ఘాట్ రోడ్డు దిగాక, లారీలు ఆగే చోట బానెట్ ఎత్తి గడిపిన గంటన్నరే.

మొదటి రాత్రే కారు హెడ్‌లైట్లు వేయగానే స్పీడోమీటరు వెనక వెలుతురు కాస్త వణికింది. పొద్దున దారిలో ఒక వర్క్‌షాపులో చెబితే, బానెట్ కూడా ఎత్తకుండానే "ఆల్టర్నేటర్ పోయిందండీ, మార్చేయాలి" అన్నారు. ఇంజిన్ తిరుగుతుండగా కరెంటు పుట్టించి బ్యాటరీని ఛార్జ్ చేసేది ఆల్టర్నేటరే. ఒళ్లు మండింది. కొలవకుండా ఏది పోయిందో ఎలా తెలుస్తుంది? వద్దని బయల్దేరాను. ఆ రాత్రి ఘాట్‌లో చక్రం గుంతలో పడ్డప్పుడల్లా మీటరు ఆరిపోయినంత పనైంది. లోపలికి గాలి కొట్టే బ్లోయరును నాలుగులో పెడితే మరీ ఘోరం.

లైట్లు ఎప్పుడు, ఎలా మిణుకుమంటున్నాయో గమనిస్తే సగం పని అయిపోయినట్టే. ఇంజిన్ వేగంతో పాటు వణుకు మారితే ఆల్టర్నేటర్‌లోని డయోడ్ల (కరెంటును డీసీగా మార్చేవి) మీదో, రెగ్యులేటర్ (వోల్టేజిని అదుపు చేసేది) మీదో అనుమానం. కరెంటు లోడు పడగానే కీచుమంటే బెల్టు జారుతోంది. కుదుపుకి ఆరితే ఎక్కడో కనెక్షన్ వదులు. అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: మీటరు ఒక్కటేనా, అన్ని లైట్లూనా? ఎదురుగా ఆగిన లారీ వెనక తలుపు మీద నా హెడ్‌లైట్ల వెలుగు పడుతోంది. మీటరు తగ్గినప్పుడల్లా ఆ తలుపూ మసకబారుతోంది. అంటే జబ్బు డ్యాష్‌బోర్డులో లేదు.

లారీ డ్రైవరు దిగొచ్చి తొంగి చూశాడు. "ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకండి సార్. బండి ఆగిపోతే ఆల్టర్నేటర్ పోయినట్టే." పాతకాలం బండ్లలో చెల్లిన చిట్కా అది. ఇప్పటి కార్లలో అలా పీకితే, బ్యాటరీ అదుపు లేక వోల్టేజి ఒక్కసారిగా ఎగబాకి ఇంజిన్ కంప్యూటరునే కాల్చేయొచ్చు. వద్దన్నాను. ఏమీ అనుకోకుండా తన ఫోను లైటు పట్టుకుని నిలబడ్డాడు.

వోల్టులు కొలిచే మల్టీమీటరు తీశాను. ఇంజిన్ ఆపి కొలిస్తే బ్యాటరీ 12.5 వోల్టులు. స్టార్ట్ చేస్తే 14.1. హెడ్‌లైట్లు, బ్లోయరు అన్నీ వేసినా 13.8. ఛార్జింగ్ నిక్షేపంలా ఉంది. (కొత్త కార్లలో కంప్యూటరే ఛార్జింగును తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది కాబట్టి, అంకె కాస్త తగ్గగానే కంగారు పడక్కర్లేదు.)

ఇక ఎర్త్, అంటే కరెంటు బాడీ, ఇంజిన్ మీదుగా బ్యాటరీ నెగటివ్‌కి తిరిగి చేరే దారి. అన్నీ వేసే ఉంచి, మల్టీమీటరు నల్ల తీగను బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద పెట్టాను. క్లాంపు మీద కాదు, సీసపు పోస్టు మీదే. ఎర్ర తీగ ఇంజిన్ బ్లాకుకి ఆనిస్తే 0.05 వోల్టు. బాడీ మీద రంగులేని బోల్టుకి ఆనిస్తే 0.74! ఇక్కడ 0.2 దాటకూడదు.

లెక్క సులువే. హెడ్‌లైట్లూ బ్లోయరూ కలిపి పాతిక ఆంపియర్లు తాగుతున్నాయనుకుంటే, దారిలో 0.03 ఓమ్ అడ్డుంటే చాలు, ముప్పావు వోల్టు అక్కడే హరించుకుపోతుంది. స్టార్టరు, ఆల్టర్నేటర్ ఇంజిన్‌కున్న లావుపాటి ఎర్త్ కేబుల్ మీద ఆధారపడతాయి. లైట్లూ మీటరూ మాత్రం బాడీకి వెళ్లే సన్నటి వైరు మీదే. అందుకే బండి ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయ్యేది, లైట్లు మాత్రం ఏడ్చేవి.

ఇంజిన్ ఆపి, ముందు బ్యాటరీ నెగటివ్ విప్పి, 10 నంబరు పానాతో బాడీ వైపు బోల్టు తీశాను. బోల్టు బిగుతుగానే ఉంది, చేత్తో ఊపితే కదల్లేదు. తీశాక చూస్తే వైరు చివర బోల్టు పట్టే లోహపు రింగు (లగ్గు) కింద గోధుమరంగు పొడి, ఒక అంచున మాత్రం గోరంత మెరుపు. ఇన్నాళ్లూ కరెంటంతా ఆ గోరంత చోటులోంచే వెళ్తోందన్నమాట. లగ్గు రెండు వైపులా, బాడీ మీదా ఎమరీ పేపరుతో తెల్లటి లోహం కనబడేదాకా రుద్దాను. బిగించాక పైన వాజిలిన్ పూశాను, మళ్లీ చెమ్మ పట్టకుండా. నెగటివ్ తగిలించి అన్నీ వేసి కొలిస్తే 0.06.

"ఎర్తేనా సార్ ఇంత గోల చేసింది?" అన్నాడు డ్రైవరు. అతని లారీ తలుపు మీద వెలుగు నిలకడగా ఉంది.

మూడో రోజంతా హాయిగా గడిచింది. సాయంత్రం మీటరు మళ్లీ వణికింది. కానీ ఈసారి రోడ్డు మీద హెడ్‌లైట్ల వెలుగు చెక్కుచెదరలేదు. డ్యాష్‌బోర్డులో మీటరు వెలుతురు తగ్గించే చిన్న చక్రాన్ని వేలితో తాకితే చాలు, మీటరు ఆరి వెలుగుతోంది. ఆ చక్రం లోపల కాంటాక్టు జారే ట్రాకు మీద మురికి పట్టి ఉంటుంది, లేదా అరిగి ఉంటుంది. ఈ కొస నుంచి ఆ కొసకి ఇరవై సార్లు గట్టిగా తిప్పితే మురికి చాలావరకు పోతుంది. మిగిలితే కాంటాక్ట్ క్లీనర్ కొట్టాలి. అరిగితే స్విచ్చే మార్చాలి. తిప్పితే కొంత తగ్గింది. పూర్తి వెలుతురు దగ్గర పెడితే అసలు వణకడం లేదు కాబట్టి, కళ్లు చికాకు పెట్టినా తిరుగు దారంతా అక్కడే ఉంచి నడిపాను.