మా సార్ పేపర్లు ఎక్కడెక్కడికి వెళ్ళాయో

మా ఆర్గానిక్ కెమిస్ట్రీ సార్ మీద వేస్తున్న సంచిక కోసం ఆయన పబ్లికేషన్ లిస్టు, సైటేషన్లు (ఆయన పేపర్లని వేరేవాళ్ళు తమ పేపర్లలో రిఫరెన్సుగా ఇచ్చినవి), హెచ్-ఇండెక్స్ అన్నీ తీసి జూనియర్లు పంపించారు, చూసి చాలా సంతోషమేసింది. కానీ ఆ నంబర్లు మా సార్ గురించి సగమే చెప్తాయి. మిగతా సగం ల్యాబ్‌లో ఉన్న మాకే తెలుసు కాబట్టి అది రాస్తున్నాను.

హెచ్-ఇండెక్స్ అనేది 2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ పెట్టిన లెక్క. కనీసం 30 సార్లు సైట్ అయిన పేపర్లు 30 ఉంటే హెచ్ 30 అన్నమాట. ఆ ముప్ఫైలో ఒకదానికి 31 సైటేషన్లు ఉన్నా 3,000 ఉన్నా ఆ నంబర్ కదలదు. పైగా రివ్యూ ఆర్టికల్, అంటే అప్పటిదాకా వచ్చిన పనినంతా కూర్చి చెప్పే వ్యాసం, రాస్తే సైటేషన్లు బాగా వస్తాయి, ఆర్నెల్లు కష్టపడి ఒక్క స్టెప్ ఈల్డ్ (చేతికొచ్చే పదార్థం శాతం) పెంచితే అన్ని రావు, ఇది ఆర్గానిక్ వాళ్ళందరికీ తెలిసిందే.

సార్‌కి సైటేషన్ అలర్ట్ వస్తే కౌంట్ చూసేవారు కాదు, నేరుగా ఆ పేపర్ తెరిచి మన రిఫరెన్స్ నంబర్ ఎక్కడుందో వెతికేవారు. ఇంట్రడక్షన్‌లో "ఇలాంటి పద్ధతులు చాలా వచ్చాయి" అని ఒకే వాక్యానికి పది రిఫరెన్సులు తగిలించి అందులో మనదీ ఉంటే సరే అని మూసేసేవారు. అదే ప్రయోగం ఎలా చేశారో రాసే ఎక్స్‌పెరిమెంటల్ భాగంలో, ఫలానా వాళ్ళ ప్రొసీజర్ ప్రకారం చేశాం అని ఉంటే మాత్రం ఆ రోజు అందర్నీ పిలిచి చూపించేవారు, వాళ్ళకి ఈల్డ్ మనకన్నా ఎక్కువొస్తే ఇంకా సంబరం, ఏం మార్చారో చూడండి అని మమ్మల్ని కూర్చోబెట్టి చదివించేవారు.

ఇక్కడే నాకు బాధనిపించే విషయం ఒకటుంది. ఇప్పుడు ప్రొసీజర్లు దాదాపు అన్నీ సపోర్టింగ్ ఇన్ఫర్మేషన్‌లోకి, అంటే పేపర్‌తో పాటు విడిగా పెట్టే ఫైల్‌లోకి, వెళ్ళిపోయాయి, అక్కడ మాత్రమే ఇచ్చిన రిఫరెన్సులు మామూలుగా డేటాబేస్ లెక్కలోకి రావు. అంటే మన పద్ధతిని నిజంగా ఫ్లాస్క్‌లో వేసి వాడినవాడి సైటేషన్ పోతుంది, పేరు చెప్పి వదిలేసినవాడిది నిలుస్తుంది. ఇంకా బాగా పాతుకుపోయిన పద్ధతైతే అసలు సైట్ కూడా చెయ్యరు. క్లార్క్ స్టిల్ అనే కెమిస్టు వాళ్ళు 1978లో ఫ్లాష్ క్రొమాటోగ్రఫీ (సిలికా నింపిన గాజు గొట్టం, అంటే కాలమ్, గుండా పంపి మిశ్రమాన్ని విడదీసే పద్ధతి) మీద రాసింది మూడే పేజీలు, ముందు టీఎల్‌సీ అనే చిన్న ప్లేటు మీద మనక్కావలసిన పదార్థం సాల్వెంట్ ఎక్కిన దూరంలో 0.35 వంతు (దీన్నే ఆర్ఎఫ్ అంటాం) ఎక్కేలా సాల్వెంట్ చూసుకుని ప్రెషర్ పెట్టి కాలమ్ దించమని. దానికి వేలల్లో సైటేషన్లున్నాయి, అయినా ఈరోజు కాలమ్ వేసేవాళ్ళలో ఎంతమంది ఆ పేపర్ పేరు రాస్తారు చెప్పండి?

సార్ దగ్గర ప్రొసీజర్ రాయడం అంటే పరీక్షే. "ఓవర్‌నైట్ స్టిర్ చేశాం" అని రాస్తే కొట్టేసి ఎన్ని గంటలమ్మా అని అడిగేవారు. డ్రాప్‌వైజ్ అంటే ఎన్ని నిమిషాల్లో, రూమ్ టెంపరేచర్ అంటే ఎన్ని డిగ్రీలు, నిల్వలో బలం తగ్గిపోయే బ్యూటైల్ లిథియంని ఆ రోజు టైట్రేట్ చేసి గాఢత చూశారా లేదా, అన్నీ కావాలి. మాలిక్యూల్ నిర్మాణం, శుభ్రత చూసే ఎన్ఎమ్ఆర్ స్పెక్ట్రమ్‌లో 1.26, 2.05, 4.12 దగ్గర పీకులు కనిపిస్తే నోరు తెరవక్కర్లేదు, ఇథైల్ అసిటేట్ సాల్వెంట్ ఇంకా ఉంది వాక్యూమ్‌లో పెట్టు అని షీట్ తిరిగిచ్చేసేవారు. గాట్లీబ్ వాళ్ళు 1997లో వేసిన ఆ ఇంప్యూరిటీల టేబుల్ స్పెక్ట్రోమీటర్ పక్కన గోడకి అంటించి ఉండేది, అది కూడా విపరీతంగా సైట్ అయిన పేపరే, అందులో కొత్త రియాక్షన్ ఒక్కటీ లేదు, అందరికీ రోజూ పనికొస్తుంది అంతే.

అన్నిటికన్నా పెద్ద రూలు, పేపర్ పంపేముందు ఆ రియాక్షన్‌తో సంబంధం లేని ఇంకొకరు రాసినదాన్నే చూసి మళ్ళీ చెయ్యాలి. ఆర్గానిక్ సింథసిస్ జర్నల్ 1921 నుంచీ అదే చేస్తోంది, వేరే ల్యాబ్‌లో రిపీట్ అయ్యాకే అచ్చు వేస్తుంది. సార్ దాన్ని మా ల్యాబ్‌లోనే అమలు చేశారు. దీనివల్ల నెలలు పోయేవి, పేపర్ల సంఖ్య తగ్గింది, ఫెలోషిప్ అయిపోతున్నవాళ్ళకి టెన్షన్ ఉండేది, అది నిజమే. కానీ మా ప్రొసీజర్ పనిచెయ్యట్లేదు అని బయటినుంచి మెయిల్ వచ్చినట్టు నేనున్నన్నాళ్ళూ వినలేదు.

అందుకని జూనియర్లకి ఒక మాట, లిస్టు ఎలాగూ వేస్తున్నారు కదా, పక్కన ఇంకో కాలమ్ పెట్టి ఏ పద్ధతిని ఎవరు ఏ మాలిక్యూల్ చెయ్యడానికి వాడారో కూడా రాయండి. సపోర్టింగ్ ఇన్ఫర్మేషన్లు తిరగెయ్యాలి, టైమ్ పడుతుంది, నా బ్యాచ్ తరఫున సగం మేం చేసిపెడతాం, ఫైల్ పంపండి.